పిన్ని అడగని ప్రశ్నలు

మా పిన్ని దూరవిద్యలో బి.ఎ. చదివింది. నాకప్పుడు పదేళ్ళు. పోస్టులో పుస్తకాల కట్ట వచ్చిందంటే ఇంట్లో పండగే! మధ్యాహ్నం వంటిల్లు సర్దేసి, చాప పరుచుకుని చదువుకునేది. అర్థం కానిచోట మార్జిన్లో పెన్సిల్తో ప్రశ్నార్థకం పెట్టేది. సందేహాలు తీర్చుకోవడానికి ఆదివారం క్లాసులుండేవి. కానీ మా ఇంట్లో ఆదివారమంటేనే చుట్టాలు. "చదువెక్కడికి పోతుంది గానీ, కాస్త కాఫీ పెట్టమ్మాయ్" అనేవారు. పిన్ని పాసైంది. ప్రశ్నార్థకాలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

దూరవిద్యలో అసలు చిక్కు ఇదేనండీ. పాఠాన్ని ఇంటికి పంపడం తేలికే. ఇంట్లో కూర్చున్న మనిషి ప్రశ్నని వెనక్కి రప్పించడమే కష్టం.

ఈ చిక్కు విప్పడానికి పూనుకున్నవాళ్ళలో అడిలేడ్ మీత్కీ అనే ఆస్ట్రేలియా ఆవిడ ఒకరు. స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన మనిషి. అక్కడి మారుమూల ఎడారుల్లో పక్కింటికి వెళ్ళాలన్నా మైళ్ళకి మైళ్ళు పోవాలి. విమానంలో వచ్చే డాక్టర్లని పిలవడానికి ఆ ఇళ్ళల్లో రేడియో సెట్లుండేవి. వాటిలో వినడమే కాదు, తిరిగి మాట్లాడొచ్చు కూడా. జబ్బుకి పనికొచ్చింది చదువుకి పనికిరాదా అనుకుందావిడ. 1951లో ఆలిస్ స్ప్రింగ్స్‌లో 'స్కూల్ ఆఫ్ ది ఎయిర్' మొదలైంది.

తర్వాతి కాలంలో అలాంటి రేడియో బడిలో చదువుకున్న ఎడారి పిల్లాడు మార్టిన్ డూగియామస్. పెద్దయ్యాక పెర్త్ నగరంలోని కర్టిన్ యూనివర్సిటీలో కంప్యూటరు తరగతులు నడిపే వెబ్‌సీటీ అనే సాఫ్ట్‌వేర్ వ్యవహారం చూసేవాడు. పాఠం, హోంవర్కు, పరీక్ష, మాస్టారితో మాటామంతీ అన్నీ తెరమీద ఒకేచోట ఉండే తరగతి గది అన్నమాట. పేరు పెద్దది: వర్చువల్ లెర్నింగ్ ఎన్విరాన్‌మెంట్.

అయితే అది కొట్లో కొన్న సాంబారు పొడి లాంటిది. కారం ఎక్కువైనా మనం చెయ్యగలిగిందేమీ లేదు. కొలతలు వాళ్ళవి. కొట్టు చేతులు మారితే రుచీ మారొచ్చు. అలాగే 2006లో వెబ్‌సీటీని పోటీ కంపెనీ బ్లాక్‌బోర్డ్ కొనేసింది కూడా.

మార్టిన్ మాత్రం తన పొడి తనే కొట్టుకున్నాడు. 2002 ఆగస్టులో 'మూడిల్' మొదటి పూర్తి కూర్పు విడుదల చేసి, కొలతల కాగితం కూడా అందరి చేతుల్లో పెట్టాడు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చినదాన్ని నలుగురికీ పంచిపెడితే మాత్రం ఆ కొలతలూ చెప్పాలి. మూడిల్ ఎంచుకున్న ఓపెన్ సోర్స్ పద్ధతి ఇదే.

ఇక ఇంగ్లండు సంగతి. ఒక గని కార్మికుడి కూతురు జెన్నీ లీ. మంత్రి అయ్యాక, ఎందరు నవ్వినా వినకుండా పట్టుబట్టి ఓపెన్ యూనివర్సిటీని నిలబెట్టింది. 1969లో పుట్టిన ఆ యూనివర్సిటీలో 1971లో చదువులు మొదలయ్యాయి. ఇంటిపనీ ఉద్యోగమూ చూసుకుంటూ చదువుకునేవాళ్ళకి అది పెద్ద ఆసరా. 2005 నవంబరులో, లక్షన్నరకి పైగా విద్యార్థులున్న ఆ సంస్థ మూడిల్‌ని ఎంచుకున్నామని ప్రకటించింది.

ఊరికే వస్తుందని తీసుకున్నారనుకునేరు! కొలతల కాగితం ఊరికే వస్తుంది గానీ, పప్పులు వేయించడానికి మనుషులు కావద్దూ? సర్వర్లు, ప్రోగ్రామర్లు, మాస్టర్లకి శిక్షణ, అన్నిటికీ ఖర్చే. అయితే ఆ డబ్బు తమ విద్యార్థులకి కావలసినట్టు మార్చుకోవడానికి పనికొచ్చింది. ఆ మార్పులు తమ దగ్గరే దాచుకోలేదు కూడా. పరీక్ష ప్రశ్నల భాగాన్ని అక్కడివాళ్ళు తిరగరాస్తే, 2011లో అది మూడిల్‌లోనే కలిసింది. జీతమిచ్చి ప్రోగ్రామర్లని పెట్టుకోలేని చిన్న కాలేజీకీ అది అందింది. పెద్దింటి వంట పేదింటి పొయ్యిమీదకీ చేరిందన్నమాట.

మన దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే పుట్టిందని గుర్తుచేస్తే గర్వంగా ఉంటుంది. బడి మెట్టు ఎక్కనివాళ్ళకీ అర్హత పరీక్ష పెట్టి డిగ్రీ తలుపు తీసింది.

మొన్న రాత్రి మా అమ్మాయి కాలేజీవాళ్ళ మూడిల్‌లో ఒక సందేహం రాసింది. పడుకునేలోపే ఎవరో తోటి విద్యార్థి జవాబిచ్చాడు. పక్కనే కూర్చుని చూస్తున్న పిన్ని, "అడిగితే చెప్తున్నారే!" అంది. ఆ గొంతులో సంతోషం కన్నా ఇంకేదో ఎక్కువగా వినిపించింది నాకు.

"నీ పుస్తకాలున్నాయా పిన్నీ?"

"అటకమీద ఉన్నాయి. దేనికే ఇప్పుడు?"

తెరమీద తరగతి గదులు ఎన్ని వచ్చినా, అందులో కూర్చోడానికి ఓ గంట తీరిక ఇవ్వాల్సింది మాత్రం ఇంట్లోవాళ్ళే. అందుకే మర్నాడు స్టూలేసుకుని అటకెక్కాను. కాఫీ కూడా ఆ పూట నేనే పెట్టాను లెండి.