అండాశయ క్యాన్సర్ స్క్రీనింగ్‌లో అల్ట్రాసౌండ్: చరిత్ర

ఏ బాధా లేని స్త్రీలలో అండాశయ క్యాన్సర్‌ను ముందే పసిగట్టడానికి అల్ట్రాసౌండ్ స్కానింగ్ వాడే ప్రయత్నం 1980లలో ఊపందుకుంది. పొట్ట ఉబ్బరం, ఆకలి మందగించడం వంటి లక్షణాలను అజీర్తి అనుకుని వదిలేయడం తేలిక. అందుకే ఈ జబ్బు ఎక్కువగా ముదిరాకే బయటపడుతుంది. అండాశయం దాటకముందే దొరికితే చాలామంది బతుకుతారు.

గ్లాస్గో విశ్వవిద్యాలయ ప్రసూతి వైద్య ఆచార్యుడు ఇయాన్ డొనాల్డ్ 1955 జూలైలో ఆపరేషన్లలో తీసిన ఫైబ్రాయిడ్ గడ్డలను, ఒక పెద్ద అండాశయ సిస్టును కారులో వేసుకుని రెన్‌ఫ్రూలోని బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ బాయిలర్ల కర్మాగారానికి వెళ్లారు. లోహంలో పగుళ్లు కనిపెట్టే అల్ట్రాసౌండ్ యంత్రం అక్కడ ఉంది. పోలిక కోసం కర్మాగారంవారు ఒక మాంసం ముక్కను కూడా తెచ్చిపెట్టారు. సిస్టులోని ద్రవం గుండా ధ్వని అడ్డులేకుండా సాగి అవతలి గోడకు తగిలి తిరిగొచ్చింది. గట్టి గడ్డలో అలా జరగలేదు. డొనాల్డ్, జాన్ మెక్‌వికార్, ఇంజనీరు టామ్ బ్రౌన్ కలిసి 1958 జూన్ 7న ‘లాన్సెట్’లో ప్రకటించిన వ్యాసం ఈ రంగానికి పునాదిరాయి. వారు పరీక్షించినవారిలో ఒకామెకు కడుపులో క్యాన్సర్ ఉందని, ఆపరేషన్‌కు వీలుకాదని వైద్యులు తేల్చారు. స్కాన్‌లో అది భారీ అండాశయ సిస్టు అని తెలిసింది. దాన్ని తీసేశాక ఆమె కోలుకుంది.

తర్వాతి రెండు దశాబ్దాల్లో స్కానింగ్ ప్రధానంగా గర్భిణుల పరీక్షగా ఎదిగింది.

డొనాల్డ్ దగ్గర పనిచేసిన స్టువర్ట్ క్యాంప్‌బెల్ లండన్‌లోని కింగ్స్ కాలేజ్ ఆసుపత్రిలో 1980లలో అండాశయ క్యాన్సర్‌ను పసిగట్టడానికి 5,479 మంది స్త్రీలకు పొట్టపై నుంచి స్కాన్లు చేయించారు. మూత్రాశయం నిండితే పేగులు పక్కకు జరిగి అండాశయాలు కనబడతాయి. కాబట్టి కడుపునిండా నీళ్లు తాగి, మూత్రం ఆపుకుని పడుకోవాల్సిందే. 1989లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, అండాశయంలోనే పుట్టిన తొలిదశ క్యాన్సర్లు 5 దొరికాయి. అనుమానం ఉందని తేలినవారు మాత్రం 300 మందికి పైనే. యోని మార్గం గుండా స్కాన్ చేసే ప్రోబ్ వ్యాపించాక మూత్రం ఆపుకునే అవస్థ తప్పింది, బొమ్మ స్పష్టత పెరిగింది. అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయంలో జాన్ వాన్ నాగెల్ బృందం అండాశయ పరిమాణానికి హద్దు గీసింది: ముట్లు ఆగనివారికి 20, ఆగినవారికి 10 ఘన సెంటీమీటర్లు.

అమెరికాలో 78,216 మంది స్త్రీలపై సాగిన పీఎల్‌సీఓ అనే స్క్రీనింగ్ అధ్యయనం 2011లో నిరాశ మిగిల్చింది. స్క్రీనింగ్ జరిగిన వర్గంలో అండాశయ క్యాన్సర్ మరణాలు 118, జరగని వర్గంలో 100.

అన్నిటికన్నా పెద్దది, పకడ్బందీగా సాగినది బ్రిటన్‌లోని యూకేసీటాక్స్ అనే అధ్యయనం. ఇయాన్ జేకబ్స్, ఉషా మీనన్ ప్రభృతులు 2001–2005 మధ్య 50–74 ఏళ్ల వయసున్న 2,02,638 మందిని చేర్చుకున్నారు. ఒక వర్గానికి ఏటా స్కాన్. మరో వర్గానికి ఏటా సీఏ-125 రక్తపరీక్ష, తేడా కనిపిస్తే స్కాన్. మిగిలిన సగం మందికి ఏ స్క్రీనింగూ లేదు. స్కాన్ వర్గంలో ప్రతి 10,000 పరీక్షలకు 50 మందికి క్యాన్సర్ లేకుండానే ఆపరేషన్ అయింది. రక్తపరీక్ష వర్గంలో ఆ సంఖ్య 14. 2021 నాటి తుది లెక్కలో రక్తపరీక్ష వర్గంలో తొలిదశ క్యాన్సర్లు ఎక్కువగా దొరికాయి, స్కాన్ వర్గంలో అదీ లేదు. అండాశయ క్యాన్సర్ మరణాలు మాత్రం మూడు వర్గాల్లోనూ 0.6 శాతమే.

స్క్రీనింగ్‌తో మరణాలు తగ్గకపోవడానికి స్కానర్ నాణ్యత ఒక్కటే కారణం కాదు. ఎక్కువ ప్రాణాలు తీసే రకం క్యాన్సర్ చాలావరకు ఫాలోపియన్ నాళం కొసన మొదలవుతుందని 2000 తర్వాతి పరిశోధనలు చూపాయి. అండాశయం పెరగకముందే అది కడుపులో వ్యాపించగలదు. సాధారణ ముప్పు ఉన్నవారికి స్క్రీనింగ్ వద్దని అమెరికా నిపుణుల సంఘం 2018లో మరోసారి చెప్పింది. భారత జాతీయ కార్యక్రమం నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకే స్క్రీనింగ్ చేస్తుంది.

కనబడిన గడ్డ మంచిదో చెడ్డదో తేల్చడంలో మాత్రం స్కానింగ్ బాగా పనికొస్తుంది. ఐఓటీఏ అనే అంతర్జాతీయ బృందం 2008లో ఇందుకు సరళ నియమాలు ప్రకటించింది: ఒకే గది ఉన్న సిస్టు, రక్తప్రసారం లేకపోవడం వంటి 5 మంచి గుర్తులు, ఎగుడుదిగుడు గట్టి గడ్డ, కడుపులో నీరు చేరడం వంటి 5 చెడు గుర్తులు. రెండు రకాలూ కలిసి కనిపించినా, ఏదీ కనిపించకపోయినా అనుభవజ్ఞుడైన నిపుణుడి చేత మళ్లీ స్కాన్ చేయించాలి.