భాగ్యనగరమును చూడవచ్చినవారు

ఆదివారమునాటి ఉదయము తొమ్మిదిగంటల వేళ జూబిలీహిల్సు చెక్‌పోస్టునుండి ఫిలింనగరువైపు పోవు ఏ వీథిని పట్టి నడచినను ఒక దృశ్యము తప్పక కంటబడును. ఒంగోలునుండియో ఖమ్మమునుండియో రాత్రియంతయు ప్రయాణముచేసి వచ్చిన వ్యాను ఒకటి చెట్టునీడను నిలుచును. అందుండి పిల్లలతోడను, నీళ్ళసీసాలతోడను, పులిహోర డబ్బాలతోడను పదునైదుగురు దిగుదురు. దిగినవారందరును ఎదుటనున్న ఎత్తైన ప్రహరీని, దానికి బిగించిన ఇనుపతలుపును, తలుపుముందు ప్లాస్టికు కుర్చీలో కూర్చున్న కావలివానిని రెప్పవాల్చక చూచుచు నిలుచుందురు. "సారు ఊళ్ళో లేరండీ, షూటింగుకు పోయినారు" అని అతడనును. ఆ మాట నిజమో కాదో వారడుగరు. తలుపునకు వీపుచేసి నిలిచి ఫొటో తీయించుకొని మరల వ్యానెక్కుదురు.

ఈ దృశ్యమును చూచి నవ్వుకొనువారు పెక్కుమంది కలరు. నేను వారిలో చేరలేకున్నాను. ఏలయన, చూడవచ్చినవాడు తలుపుకడ నిలుచుట ఈ నగరమునకు క్రొత్తగా వచ్చిన ఆచారము కాదు. నగరమెంత పాతదో ఆ నిరీక్షణయు నంత పాతది.

1591లో మహమ్మదు కులీ కుతుబ్‌షా చార్మినారును నడుమ నిలిపి నగరమును కట్టించిన తరువాత అరువది యేండ్లయినను గడువకమునుపే పరాసు రత్నవర్తకుడు టావెర్నియే గోలకొండ వజ్రములకై ఇచ్చటికి వచ్చెను. అతడు మూసీనదిపై 1578లో కట్టిన వంతెనను, అనగా నేటి పురానాపూలును, చూచి తన పారిస్ నగరపు పాంట్‌నఫ్ వంతెనకు ఇది మిక్కిలి తీసిపోదని వ్రాసికొనెను. ఆ వంతెన దాటిన వెంటనే నగరప్రవేశము లభింపలేదు. పరదేశి ఎవడైన వచ్చినచో ద్వారపాలకులు అధికారికి కబురంపుటయు, అనుమతి వచ్చుదాక ఆ పరదేశి ఒకటి రెండు దినములైనను వెలుపల కాచుకొనియుండుటయు, ఉప్పును పొగాకును దాచి తెచ్చుచున్నాడేమోయని మూటలు విప్పి వెదకుటయు అతని గ్రంథమున సవిస్తరముగా నున్నవి. అవి రెండును రాజునకు గొప్ప రాబడి తెచ్చు సరకులు. అతని తరువాత 1666 ప్రాంతమున వచ్చిన థెవెనో, నాలుగు మీనారుల కట్టడమును నిలిచి నిదానముగా చూచి వర్ణించినాడు. వీరిద్దరును వర్తకమునకో దేశాటనమునకో వచ్చినవారేగాని, చూచుటయే వృత్తిగా గలవారికి దారిచూపు వ్యవస్థ అప్పటికి లేదు. ఉన్నవి సరాయిలు మాత్రమే. వానిలో నొకటి నేటికిని షేకుపేటలో నిలిచియున్నది. ఫిలింనగరు కొండ దిగిన కొలదిదూరములోనే ఉన్న ఆ కుతుబ్‌షాహీ సరాయి, గోలకొండకు వచ్చిపోవు బాటసారులకును, వారి పశువులకును ఒక రాత్రి విడిది. జూబిలీహిల్సు రెవెన్యూలెక్కలలో నేటికిని షేకుపేట మండలములోనిదే యను సంగతి అచ్చట నివసించువారిలో ఎందరికి తెలియునో!

తెలుగువాడు తెలుగువచనములో ఈ నగరమును చూచి వ్రాయుట 1830లో జరిగినది. మదరాసు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు ఆ సంవత్సరము మే 18వ తేదిని పరివారముతో కాశికి బయలుదేరి, కడప కర్నూలుల మీదుగా హైదరాబాదు చేరిరి. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్రచరిత్ర మన భాషలో యాత్రాగ్రంథములకు ఆద్యము. కాశికి పోవువాడు దారిలో ఒక రాజధానిని చూచుట, అనగా తీర్థయాత్రకు కొసరుగా నగరదర్శనము దొరకుట, అనెడి పద్ధతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ఈ కథలో అది మరల వచ్చును.

ఆసఫ్‌జాహీ నిజాముల కాలమున కోటగోడలోపలి నగరము సికింద్రాబాదు దండులోని ఆంగ్లేయులకు సయితము ఇష్టమువచ్చినట్లు తిరుగదగిన చోటు కాదు. రెసిడెన్సీద్వారా దివానుగారి అనుమతి పొందవలెను. పొందినవారిని ఏనుగునెక్కించి, వెంట భటులనిచ్చి, చౌకులు చూపి మరల గోడ దాటించుచుండిరి. గోలకొండ కోటకును అట్టి చీటీయే కావలెను. అతిథిని గౌరవించుటకును, అతిథిపై కన్నువేసియుంచుటకును ఒకే ఏనుగు చాలెనని నాకు తోచుచుండును. 1874లో వాడినుండి సికింద్రాబాదునకు రైలుమార్గము పడిన పిదప వచ్చువారు పెరిగిరి. దేశదేశముల ప్రభువులు ఆరవ నిజాము అతిథులై ఫలక్‌నుమా మేడమెట్లపై నిలిచి ఫొటోలు తీయించుకొనిరి. రాజా దీన్‌దయాళుగారి కెమేరాలోనుండి వెడలిన ఆ చిత్రములే నగరము తననుగూర్చి లోకమునకు పంపుకొన్న తొలి ఆహ్వానపత్రికలు.

1908 సెప్టెంబరు 28వ తేదినాటి మూసీ వరద ఈ చరిత్రలో ఒక మలుపు. వేలమందిని పొట్టనబెట్టుకొన్న ఆ వరదకు విరుగుడుగా నదిపై ఆనకట్ట కట్టి 1920 నాటికి ఉస్మాన్‌సాగరమును, అనగా గండిపేట చెరువును, నింపగా, నగరవాసికి ఉదయము వెళ్ళి సాయంకాలము తిరిగివచ్చు విహారము దొరికినది. గండిపేట చెరువుగట్టున అన్నపుమూటలు విప్పుకొనని పాతకుటుంబము ఈ నగరములో ఉండదు. గండిపేట నీళ్ళు త్రాగినవాడు మరి ఊరు విడువడను నానుడియు అప్పటిదే. 1914లో నిజాముప్రభుత్వము గులాం యజ్దానీగారి ఆధిపత్యమున పురావస్తుశాఖను నెలకొల్పెను. 1927లో సయ్యద్ అలీ అస్గర్ బిల్‌గ్రామీగారు నగరములోను పరిసరములలోను ఉన్న కట్టడములను వరుసగా వర్ణించుచు ఆంగ్లమున ఒక గ్రంథము వెలువరించిరి. దానిని చేతబట్టుకొని తిరిగిన సందర్శకుడు భటులవెంట కాక తన బుద్ధివెంట నడచినాడు. 1932లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో నిజాము రైలుశాఖవారు రోడ్డురవాణా ఆరంభించుటతో ఏనుగుల అవసరము పూర్తిగా తీరినది.

స్వాతంత్ర్యము తరువాతి ముప్పదియేండ్ల కథను ఒక టిక్కెట్టుముక్కపై వ్రాయవచ్చును. 1951 డిసెంబరు 16న నెహ్రూగారు దివాను దేవిడీలో సాలార్‌జంగు వస్తుసంగ్రహమును ప్రజలకు తెరచిరి. అది 1968లో మూసీ ఒడ్డుననున్న నేటి భవనమునకు మారెను. 1963లో జంతుప్రదర్శనశాల వచ్చినది. 1976లో రాష్ట్రప్రభుత్వపు పర్యాటకాభివృద్ధిసంస్థ ఏర్పడెను. అదే యేట నౌబత్ పహాడుపై బిర్లావారి తెల్లరాతి మందిరము వెలసెను. ఈ విధముగా "ఒకరోజు హైదరాబాదు" అనెడి క్రమము స్థిరపడెను: ప్రొద్దున చార్మినారు, మక్కామసీదు, మధ్యాహ్నమునకు మ్యూజియము, పిమ్మట గోలకొండ, ఆపైన కుతుబ్‌షాహీ సమాధులు, సందెవేళకు బిర్లామందిరము. శుక్రవారము మ్యూజియమునకు సెలవు, సోమవారము జంతుశాలకు సెలవు. ఈ రెండింటిని తప్పించుకొని దినము నిర్ణయించుకొనుట గ్రామములనుండి వచ్చు ఉపాధ్యాయులకు ముహూర్తము పెట్టుటవంటిదే. మ్యూజియములో వేలకొలది వస్తువులుండగా, గంటగంటకు లోపలినుండి వచ్చి గంటకొట్టు గడ్డపు బొమ్మగల గడియారముముందు పండ్రెండుగంటలవేళ జనము పెండ్లిపందిరిలోవలె బారులుతీరి కూర్చుందురు. గోలకొండలో కోటద్వారపు గుమ్మటము క్రింద గైడు చప్పట్లు చరచును, పైన కొండకొమ్మునందలి బారాదరిలోనున్నవారు విని చేయి ఊపుదురు. అది ఆటకొరకు చేసిన ఏర్పాటు కాదు. ద్వారముకడ క్రొత్తవాడు వచ్చినాడని రాజునకు తెలుపుటకు చేసిన ఏర్పాటు. ఇప్పుడు వచ్చినవాడే చప్పట్లు చరచుకొని తన రాకను తానే చాటుకొనుచున్నాడు. ఈ హడావిడిలో నాకు బాధకలిగించునది ఒక్కటే: దేశమున అరుదైన ఆ సమాధిమందిరములకు బస్సువారిచ్చునది అరగంట. ఆగాఖాను సంస్థవారు 2013 మొదలు పది సంవత్సరములకు పైగా శ్రమించి వానిని ఉద్ధరించిరి, చూచుటకు అరగంట!

ఇంతవరకు చెప్పిన దర్శనీయములన్నిటికిని ఒక సామాన్యధర్మము కలదు. వాని యజమానులు గతించినవారు. బ్రతికియున్న మనుష్యుని చూచుటకై బస్సులు కట్టించుకొని పోవుట తెలుగువారికి అలవాటయినది హైదరాబాదులో కాదు, మదరాసులో.

1960లో "శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యము" విడుదల అయినది. అంతకు మూడేండ్లకు పూర్వమే "మాయాబజారు"లో కృష్ణుడై జనహృదయములలో నెలకొనియున్న నందమూరి తారక రామారావుగారు అందు శ్రీనివాసుడు. ఆ తరువాత తిరుపతికి వచ్చిన యాత్రికులు కొండపైని దేవుని చూచి, తలనీలాలిచ్చి, ఆ గుండుతోడనే సుమారు 140 కిలోమీటర్లు ప్రయాణముచేసి మదరాసు త్యాగరాయనగరములోని బజుల్లారోడ్డున రామారావుగారి యింటిముందు తెల్లవారుజాముననే నిలుచువారు. ఆయన షూటింగుకు బయలుదేరుటకు ముందు వారికి దర్శనమిచ్చి నాలుగు మాటలాడి పోవుట నిత్యకృత్యమయ్యెను. బస్సువారు దీనినొక క్రమములో పెట్టిరి: తిరుపతి, పిదప మదరాసు, మదరాసులో రామారావుగారు, వడపళని దగ్గర విజయా వాహినీ స్టూడియోలు, సముద్రము, మ్యూజియము, జంతుశాల. మ్యూజియమును "చచ్చిన కాలేజీ" యనియు, జంతుశాలను "బ్రదికిన కాలేజీ" యనియు పల్లెవారు పిలుచుచుండిరి. ఇంతకన్న చక్కని పరిభాష పర్యాటకశాఖవారికి ఎన్నటికిని తట్టదు. వీరాస్వామయ్యగారి కాశీయాత్రలో కొసరుగా రాజధాని దొరకినట్లే వీరికి తిరుపతియాత్రలో కొసరుగా నటుడు దొరకెను. ఆ తలుపు మాత్రము తెరచుకొనెడిది. అది మరువరాదు.

చిత్రపరిశ్రమ మదరాసును విడిచి వచ్చుటకు రెండు మూడు దశాబ్దములు పట్టినది. అమీరుపేటలో సారథీ స్టూడియో నెలకొనుటయు, 1959లో "మా ఇంటి మహాలక్ష్మి" సంపూర్ణముగా హైదరాబాదులో తయారగుటయు తొలి అడుగులు. 1960 దశకములో అక్కినేని నాగేశ్వరరావుగారు కాపురము ఇచ్చటికి మార్చి, 1976లో బంజారాహిల్సున అన్నపూర్ణా స్టూడియోను తెరచిరి. ఆనాటికి ఆ కొండలు కేవలము రాతిగుట్టలు, సీతాఫలపు పొదలు. బంజారా కొండలపై తొలుత ఇల్లు కట్టినవారిలో మెహదీ నవాజ్ జంగుగారు ముఖ్యులు. ఆయన బండలను పగులగొట్టక వానినే గోడలుగా చేసికొని కట్టుకొన్న యింట 1933లో రవీంద్రనాథఠాకూరు అతిథిగా నుండిరి. అప్పటి అతిథి చూచినది రాతిని; నేటి అతిథి చూచునది రాయి పోయిన చోటు. 1960 దశకమున ఐ.ఏ.ఎస్. అధికారి చల్లగళ్ళ నరసింహారావుగారి పూనికతో సహకారసంఘముగా మొదలైన జూబిలీహిల్సులో పేర్లకు మారు అంకెలే వీథులకు గుర్తులైనవి. క్రొత్తవాడు ముప్పదియారవ నంబరు రోడ్డును వెదకుచు పదవ నంబరు రోడ్డులో తేలుట నేటికిని వింత కాదు. ప్రభుత్వపు పన్నురాయితీల ప్రోత్సాహమున పరిశ్రమ కొండలనెక్కెను: 1983లో కృష్ణగారి పద్మాలయా, 1989లో రామానాయుడుగారి స్టూడియో, వాని చుట్టును పరిశ్రమవారి గృహములు, ఫిలిం చాంబరు, కల్చరల్ సెంటరు, దైవసన్నిధానము. ఇరువదియైదు వందల మిలియను సంవత్సరముల నాటి గ్రానైటు గుండ్లు పునాదులక్రింద పొడియగుచుండుట చూడలేక 1996లో కొందరు శిలారక్షణసంఘమును స్థాపించి, ఆదివారములందు బండలచుట్టును నడకలు ఏర్పరచిరి. ఈ నగరములో నేనెరిగిన యాత్రలలో అత్యంతప్రాచీనమైన దర్శనీయము వారిదే, టిక్కెట్టులేనిదియు వారిదే.

అదే 1996లో నగరమునకు తూర్పున, విజయవాడ దారిలో రామోజీరావుగారి ఫిలింసిటీ వెలసెను. అచ్చట విమానములేని విమానాశ్రయము కలదు, రైలు రాని స్టేషను కలదు, వెనుకగోడ లేని వీథులు కలవు. టిక్కెట్టు కొన్నవాడు అన్నిటిలోనికిని పోవచ్చును. ఫిలింనగరులో ఇండ్లు నిజమైనవి, మనుష్యులు నిజమైనవారు. లోనికి పోవుటకు ఎంత వెలకును టిక్కెట్టు లేదు. రెండింటిని ఒకే పర్యటనలో చూపు వ్యానువారికి ఈ విడ్డూరము పట్టదు. ఒకటి దినమంతయు తినును, రెండవది గంటలో ముగియును. వారి లెక్క అంతే.

నేడు మెట్రోరైలు జూబిలీహిల్సు చెక్‌పోస్టుమీదుగా పోవుచున్నది; 2020లో దుర్గము చెరువుపై తీగలవంతెన వచ్చిన తరువాత సాయంకాలపు జనము అటు మరలినది. అభిమాననటుని పుట్టినరోజున మాత్రము ఆ మూసిన తలుపులముందు వీథులు నిండును; పోలీసులు తాళ్ళు కట్టుదురు; మేడపై ఒక చేయి కనబడినచో వేయి సెల్‌ఫోన్లు ఒక్కసారిగా లేచును.

మొన్నటి వేసవిలో గుంటూరు జిల్లానుండి మా మేనత్త వచ్చినది. డెబ్బదియేండ్ల మనిషి, బజుల్లారోడ్డున గుండుతో నిలిచినవారిలో ఆమెయు ఒకతె. చార్మినారు వద్దన్నది, మోకాళ్ళనొప్పి. గోలకొండ వద్దన్నది, మెట్లు. "ఆ ఫిలింనగరేదో చూపించరా అబ్బాయ్" అన్నది. తీసికొనిపోతిని. ఒక తలుపుముందు ఆటో ఆపితిమి. కావలివాడు ఎప్పటి మాటయే చెప్పెను. మేము మరలుచుండగా తలుపు జారుకొని తెరచుకొనెను, నల్లని అద్దముల కారొకటి వెలువడి మలుపు తిరిగి పోయెను, తలుపు మరల మూసికొనెను. అత్త చేతులు జోడించియున్నది. "లోపల ఎవరత్తా?" అని అడిగితిని. "నాకేం కనపడిందిరా" అని, కొంగుతో ముఖము తుడుచుకొని, "ఆయనైతే అద్దం దించేవాడు" అన్నది.