నెగడు చుట్టూ మన చరిత్ర

లంబసింగికి మనవాళ్లు చెప్పుకునే పాత పేరు కొర్రబయలు. రాత్రి ఆరుబయట ఉండిపోయిన మనిషి తెల్లారేసరికి కొర్రులా బిగుసుకుపోతాడని, అందుకే ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. సముద్ర మట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున్న ఈ గూడెం కొండలకు చలి కొత్త కాదు. అయినా కొన్నేళ్ల చలి వేరు. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుపాను తీరం దాటింది. మొదట ముసురు, తర్వాత ఈదురుగాలి, ఆపైన చలి. ఆ ఏడాది మైదానం కూడా వణికింది.

అలాంటి రోజుల్లో మనిషిని విసిగించేవి చిన్న చిన్న ఇబ్బందులే. మంచుకు మెత్తబడిన అగ్గిపుల్ల ఎంత గీసినా వెలగదు. కొబ్బరినూనె సీసాలో గడ్డకడుతుంది. అవి కాఫీ పళ్లు కోసే రోజులు. తడి ఆకులు తగిలి వేళ్లు కొంకర్లు పోతాయి. కోసిన పళ్లు ఆరబెడదామంటే ఎండ రాదు. మడమలు పగిలి అడుగు పడదు.

వీటికి మన పెద్దల దగ్గర ఉపాయాలుండేవి. పొయ్యిలో నిప్పు ఆరకుండా రాత్రి బూడిద కప్పి ఉంచేవారు. తెల్లారి ఊదితే చాలు, అగ్గిపుల్లతో పనిలేదు. పగిలిన మడమలకు ఆముదం, కడుపుకు వేడి చోడంబలి. అన్నిటికీ మించి వీధిలో నెగడు. తలా ఒక కట్టె తెచ్చి వేస్తే అది ఊరందరి మంట. ముసలివాళ్లకు ముందు చోటు. తగాదాలు తీరింది అక్కడే, పెళ్లి మాటలు నడిచింది అక్కడే, పిల్లలు కథలు విన్నదీ అక్కడే. బడి రాకముందు మనకున్న బడి అదే.

అయితే నెగడుకు కట్టె కావాలి, కట్టెకు అడవి కావాలి. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు చేసిన అడవిలో చెట్టు కొట్టడం, పోడు చేయడం నేరమైంది. అప్పటిదాకా చలి ఒక్కటే బాధ. ఆ తర్వాత చలికి భయం తోడైంది. గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేయించడానికి మనవాళ్ల చేత వెట్టి చేయించాడు. ఆ కడుపుమంటే 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడిగా బయటపడింది. ఆ పోరాటం కట్టెల కోసమే జరిగిందని మేం అనడం లేదు. అడవి చేయి జారితే పొయ్యిలో నిప్పు కూడా పరాయిదైపోతుందని మాత్రం అంటున్నాం. పుస్తకాలు తుపాకుల లెక్క రాశాయి. చలికాలంలో ఆ తల్లులు పొయ్యి ఎలా వెలిగించారో రాయలేదు.

ఇప్పుడు చలిని చూడటానికే జనం కార్లలో వస్తున్నారు. గుడారాల ముందు మంట వేసుకుని, ఫొటోలు తీసుకుని వెళ్తున్నారు. రావద్దని మేం అనం. వాళ్లకు రెండు రాత్రుల సరదా, మనకు మూడు నెలల బతుకు. తేడా అంతే.

మాలో చాలామందిమి ఆశ్రమ పాఠశాలల్లో చదివినవాళ్లం. చీకటితోనే కుళాయి దగ్గర వరస, ఒంటిమీద చన్నీళ్లు, పల్చటి దుప్పటి. వేళ్లు వంగక అక్షరాలు వంకర పోతే బద్ధకమన్నారు. అది బద్ధకం కాదు, చలి. ఉపాధ్యాయులారా, ఈ చలికాలం మొదటి పీరియడు ఎండపొడలో పెట్టండి. కాగిన నీళ్లు, మందపాటి దుప్పటి పిల్లల తరఫున గట్టిగా అడగండి.

యువతీయువకులారా, 2006 అటవీ హక్కుల చట్టం చదవండి. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో వెదురు, తేనె, మైనంతో పాటు కంప, మోడులను కూడా అది చేర్చింది. వాటిని ఏరుకునే, వాడుకునే, అమ్ముకునే హక్కు మనదని చెప్పింది. అవ్వ కట్టెల మోపుతో వస్తుంటే ఎవరైనా ఆపితే, ఆమె పక్కన నిలబడి ఆ మాట చెప్పగలగాలి.

ఈ రాత్రి నెగడు దగ్గర కూర్చుని ఒక్క ప్రశ్న అడగండి: "అవ్వా, నీ చిన్నప్పుడు చలి ఎలా దాటారు?" ఆమె చెప్పింది చెప్పినట్టు మీ భాషలోనే రాసి పెట్టండి. పుస్తకాల్లో లేని మన చరిత్ర అక్కడినుంచే మొదలవుతుంది.