పటాన్‌చెరు పద్దు: బడ్జెట్ పుస్తకానికి ఎక్కని లెక్కలు

ప్రభుత్వం తీసుకున్న ఒక నిర్ణయానికి అసలు ఖర్చెంతో ఆ ఏడాది బడ్జెట్ చూస్తే తెలియదు. ఆ ఖర్చు కొంత మరో శాఖ పద్దులోకి పోతుంది, కొంత పదేళ్ల తర్వాతి బడ్జెట్‌లో తేలుతుంది, కొంత ఏ పద్దులోనూ కనిపించకుండా జనం మీద పడుతుంది. పటాన్‌చెరు పారిశ్రామికవాడ యాభై ఏళ్ల చరిత్ర చదివితే ఈ మూడూ బోధపడతాయి.

1960ల్లో పటాన్‌చెరు పక్కనున్న రామచంద్రాపురంలో విద్యుత్ పరికరాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ బీహెచ్‌ఈఎల్ వెలసింది. 1972లో పటాన్‌చెరులో అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఏర్పడింది. 1973లో పుట్టిన రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ ఏపీఐఐసీ భూములు సేకరించి, రోడ్లు వేసి, కరెంటు లాగి ప్లాట్లు ఇవ్వసాగింది. పటాన్‌చెరు అప్పుడున్న మెదక్ అప్పటికే వెనుకబడిన జిల్లాగా గుర్తింపు పొందింది కాబట్టి అక్కడ పెట్టుబడి పెట్టినవారికి పన్ను మినహాయింపులు, రాయితీలు దక్కాయి. రాయితీకి జిల్లానే కొలమానంగా తీసుకోవడంలోనే చిక్కు వచ్చింది. పటాన్‌చెరు ఆ జిల్లాకు ఒక కొసన, హైదరాబాద్‌కు ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉంది. వెనుకబాటు పేరిట వచ్చే రాయితీ, రాజధాని పక్కన ఉండే సౌకర్యం రెండూ ఒకేచోట దొరుకుతుంటే ఏ పారిశ్రామికవేత్త అయినా జిల్లా మరో కొసనున్న నారాయణఖేడ్ దాకా ఎందుకు పోతాడు? వెనుకబాటు అసలు ఎక్కువగా ఉన్న ఆ మారుమూలకు ఫ్యాక్టరీలు చేరలేదు.

ఈ విధానం ఇచ్చిన ఫలితాలను తక్కువ చేయకూడదు. 1970 నాటి పేటెంట్ల చట్టం మందుల తయారీకి దారి తెరిచింది. హైదరాబాద్ బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ ఒక తరం రసాయన నిపుణులను తయారుచేసింది. అక్కడ పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. పటాన్‌చెరు, బొల్లారం, జిన్నారం ప్రాంతాల్లో బల్క్ డ్రగ్ (మందుల ముడిపదార్థాల) యూనిట్లు బారులు తీరాయి. ప్రపంచానికి చవకగా మందులు అందాయి, వేలాది కుటుంబాలకు బతుకుదెరువు దొరికింది. మెదక్ నుంచి విడిపోయాక పటాన్‌చెరు చేరిన సంగారెడ్డి జిల్లా నేడు తలసరి ఆదాయంలో తెలంగాణలోని ముందువరుస జిల్లాల్లో ఒకటి.

ఇక ఖర్చు వైపు చూద్దాం. రోడ్డుకు పెట్టిన రూపాయి పద్దులో కనిపిస్తుంది. అమ్మకం పన్ను మాఫీ చేసినా, ఏళ్ల తరబడి వాయిదా వేసినా పోయే రూపాయి మాత్రం కనిపించదు. ఖజానాకు రానేలేదు కాబట్టి అది ఖర్చుగా నమోదు కాదు. శాసనసభలో దానిమీద ఓటింగూ జరగదు.

మూడో రకం ఖర్చు వాగుల్లో పారింది. పటాన్‌చెరు మీదుగా సాగి మంజీరలో కలిసే నక్కవాగు ఒకప్పుడు దారి పొడవునా పొలాలను తడిపేది. ఫ్యాక్టరీల వ్యర్థజలాలు కలిశాక బావులు, బోర్లు పాడయ్యాయి, పంటలు దెబ్బతిన్నాయి. పటాన్‌చెరులో వైద్యం చేస్తూనే డాక్టర్ అల్లాని కిషన్‌రావు ఈ కాలుష్యంపై ఏళ్ల తరబడి పోరాడారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకు చేరింది. జిల్లా న్యాయమూర్తి విచారణ జరిపారు. తరి భూమికి ఒక రేటు, మెట్ట భూమికి ఒక రేటు చొప్పున ఎకరాల లెక్కన రైతులకు పరిహారం తేల్చారు. బావులు చెడిన ఊళ్లకు మంచినీళ్లు బయటినుంచి తేవాల్సివచ్చింది. సొంత బావి నీళ్లు తాగిన ఊరికి పైపులైను వేయడం తాగునీటి పద్దులో అభివృద్ధి పనిగా నమోదవుతుంది. నిజానికి అది పారిశ్రామిక విధానానికి అయిన ఖర్చు.

1994లో పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. ఫ్యాక్టరీల నుంచి ట్యాంకర్లలో వచ్చే వ్యర్థజలాలను సూక్ష్మజీవులతో శుద్ధి చేయడం అక్కడి పద్ధతి. నీటిలో కరిగిన లవణాలను మాత్రం సూక్ష్మజీవులు తొలగించలేవు. అక్కడినుంచి బయటికి వచ్చే నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కనిపించింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. ఒక్క రోజులో బయటికి పోతున్న ఆ మందు సుమారు 45 కిలోలని, 90 లక్షల మంది ఉన్న స్వీడన్ ఐదు రోజుల్లో వాడేదానితో అది సమానమని వారు లెక్కగట్టారు. అలాంటి నీటిలో మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరిగితే ఆ భారం ఒక్క జిల్లాతో ఆగదు. శుద్ధిచేసిన నీటిని తర్వాత 18 కిలోమీటర్ల పైపులైనుతో హైదరాబాద్ మురుగునీటి వ్యవస్థలో కలిపి అంబర్‌పేటకు పంపారు. సమస్య నక్కవాగు నుంచి హైదరాబాద్ గుండా పారే మూసీ వైపు తిరిగింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన కాలుష్య సూచికలో పటాన్‌చెరు–బొల్లారానికి 70.07 వచ్చింది. 70 దాటితే అత్యంత కలుషిత ప్రాంతమే.

1995లో ప్రభుత్వం తీసుకున్న రెండు నిర్ణయాలను పక్కపక్కన పెట్టి చదవాలి. సెప్టెంబరులో జీవో 95 ఈ ప్రాంతంలో కొత్త బల్క్ డ్రగ్ యూనిట్లను, ఉన్నవాటి విస్తరణను నిషేధించింది. నవంబరు నుంచి అమలైన ‘టార్గెట్ 2000’ రాష్ట్రమంతటా పరిశ్రమలకు కొత్త రాయితీలు ప్రకటించింది. పర్యావరణ శాఖ నిర్ణయానికి, పరిశ్రమల శాఖ నిర్ణయానికి ఉమ్మడి లెక్క చూసేవారు లేరు. 2013లో ఆ నిషేధాన్ని సడలించారు. కాంగ్రెస్, తెలుగుదేశం, టీఆర్‌ఎస్, మళ్లీ కాంగ్రెస్ ఇలా ప్రభుత్వాలు మారినా పద్దు రాసే తీరు మారలేదు. కాబట్టి లోపాన్ని ఒక పార్టీకి అంటగడితే అసలు సమస్య కనబడకుండా పోతుంది.

నిఘాదీ ఇదే కథ. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రధానంగా పరిశ్రమలు కట్టే అనుమతి రుసుముల మీదే నడుస్తుంది. తనిఖీ చేయాల్సిన సంస్థకు తనిఖీకి గురయ్యేవారే ఆదాయవనరు కావడం మంచి ఏర్పాటు కాదు. ఫ్యాక్టరీల తనిఖీ యంత్రాంగం మీద పొదుపు చేస్తే ఆ ఏడాది రెవెన్యూ లెక్క కాస్త బాగుంటుంది, అంతే. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ కర్మాగారంలో జరిగిన పేలుడు గల్లంతైనవారితో కలిపి 54 మందిని బలిగొంది. భద్రతకు చేసే ఖర్చును దండగ అనుకునే ఆలోచనకు ఈ ఘటన తర్వాత చోటుండకూడదు.

కొంత మార్పు వచ్చింది. 2017లో జీఎస్టీ వచ్చాక పరిశ్రమకు రాష్ట్రం సొంతంగా పన్ను మినహాయించే వీలు పోయింది. పన్ను వసూలు చేసి, తన వాటాను తిరిగి చెల్లించాల్సిందే. దాంతో రాయితీ ఖర్చుగా కంటికి కనబడుతోంది, బకాయిపడితే అదీ తెలుస్తోంది. కేంద్రం 2006–07 బడ్జెట్ నుంచే వదులుకున్న పన్నుల వివరాలను ప్రచురిస్తోంది. అదే తీరులో రాష్ట్ర బడ్జెట్‌తోపాటు ప్రతి పారిశ్రామికవాడకూ ఒక పట్టిక జతచేయాలి. ఇచ్చిన భూమి, రాయితీ, వచ్చిన పన్ను, ఉద్యోగాలు ఒకవైపు, తాగునీటికి, వైద్యానికి, పరిహారానికి, తనిఖీకి అయిన ఖర్చు మరోవైపు ఉండాలి. కాగ్ తనిఖీకి, ప్రజాపద్దుల సంఘం చర్చకు అది ఆధారమవుతుంది. నక్కవాగు రైతుకు తన నష్టం ఎంతో తేలడానికి సుప్రీంకోర్టు దాకా పోవాల్సివచ్చింది. ఆ లెక్కను శాసనసభ తనంతట తానే ముందుగా అడగడం ప్రజాస్వామ్యంలో కనీస బాధ్యత.