కారు లేనివాడికి తెరుచుకోని కిటికీ: డ్రైవ్-త్రూల జోనింగ్ కథ

ఈ రోజు టాపిక్ పేరు చెప్పగానే సగం మంది స్క్రోల్ చేసి వెళ్ళిపోతారని నాకు తెలుసు. జోనింగ్. అంటే ఊళ్ళో ఏ స్థలంలో ఏం కట్టుకోవచ్చు, ఏం కట్టకూడదు అని సిటీ రాసుకునే రూల్స్. వినడానికి చప్పగా ఉంటుంది, ఒప్పుకుంటా. అందుకే ముందు నా కథ చెప్తాను, తర్వాత చరిత్రలోకి వెళ్దాం.

ఉద్యోగం మానెయ్యకముందు నన్ను ఆరు నెలలు అమెరికా ఆన్‌సైట్ పంపారు. కారు లేదు, లైసెన్సూ లేదు. ఒక రాత్రి రిలీజ్ పని ముగిసేసరికి పదకొండు దాటింది. రూమ్‌లో బియ్యం తప్ప ఏం లేవు. రోడ్డుకి అవతల ఒక బర్గర్ షాపు లైట్లు వెలుగుతున్నాయి. ఊరి పేరు, షాపు పేరు వద్దులెండి. చలిలో నడుచుకుంటూ వెళ్ళాను. లోపలి తలుపు తాళం వేసి ఉంది. డ్రైవ్-త్రూ మాత్రం తెరిచే ఉంది. సరే అని ఆ మెనూ బోర్డు ముందు నిలబడ్డాను. మైకులోంచి ఏ పలకరింపూ లేదు.

నేను బీటెక్ ఈసీఈ కదా, కాసేపటికి బల్బు వెలిగింది. ఆ నేల కింద తీగ చుట్ట ఉంటుంది, ఇండక్టివ్ లూప్ అంటారు. కారులోని లోహం దాని మీదకి వస్తే ఇండక్టెన్స్ మారుతుంది, లోపల హెడ్‌సెట్‌లో బీప్ వస్తుంది. నేను నిలబడితే ఏమీ మారదు. ఆ మెషీన్ లెక్కలో నేను అక్కడ లేను. కిటికీ దగ్గరికే వెళ్ళి అడిగాను. లోపలమ్మాయి పాపం చాలా మర్యాదగానే చెప్పింది, కారు లేకుండా వచ్చినవాళ్ళకి ఇవ్వకూడదట, సేఫ్టీ రూలట. నా వెనక కారులో ఉన్నాయన ఆర్డర్ తీసుకుని వెళ్ళిపోయాడు. నేను రూమ్‌కి వచ్చి అన్నం వండుకుని, ఊరి నుంచి తెచ్చుకున్న ఆవకాయ కలుపుకుని తిన్నాను. డిన్నర్ బాగానే ఉందనుకోండి. కానీ ఆ కిటికీ మాత్రం బుర్రలోంచి పోలేదు. అది అక్కడికి ఎలా వచ్చింది? దానికి పర్మిషన్ ఎవరిచ్చారు?

ఇక చరిత్ర. 1921లో టెక్సస్‌లో, డాలస్ దగ్గర హైవే పక్కన, పిగ్ స్టాండ్ అని ఒక హోటల్ మొదలైంది. జనం కార్లు దిగరు, కుర్రాళ్ళు పరిగెత్తుకొచ్చి కారు దగ్గరే సర్వ్ చేస్తారు. దాన్ని డ్రైవ్-ఇన్ అంటారు. మనం మాట్లాడుకునే డ్రైవ్-త్రూ వేరు, అందులో కారు ఆగదు, కదులుతూ కిటికీ దాటిపోతుంది. మొదటిది ఎవరు అన్నదానికి తగాదా ఉంది. 1947లో మిస్సోరిలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, రూట్ 66 మీద, రెడ్స్ జెయింట్ హాంబర్గ్ అనే చిన్న షాపువాళ్ళు కిటికీ పెట్టారు. 1948లో లాస్ ఏంజలెస్ పక్కన బాల్డ్విన్ పార్క్‌లో ఇన్-ఎన్-అవుట్ మొదలైంది, అక్కడ హ్యారీ స్నైడర్ మాట్లాడే స్పీకర్ బాక్స్ పెట్టాడు. 1951లో శాన్‌డియేగోలో జాక్ ఇన్ ద బాక్స్. గమనించండి, ఇవన్నీ చిన్న చిన్న షాపులు. తక్కువ జాగా, తక్కువ పనివాళ్ళు, టేబుళ్ళు తుడిచే బాధ లేదు.

మెక్‌డొనాల్డ్స్ చాలా లేటుగా వచ్చింది, 1975లో. అది కూడా అరిజోనాలో సియెరా విస్టా అనే ఊళ్ళో. ఆ ఊరి పక్కనే ఫోర్ట్ హువాచుకా అనే సైనిక స్థావరం ఉంది. అక్కడి సైనికులు పని యూనిఫాంలో బయట కారు దిగి తిరగకూడదని రూల్. దిగనివ్వరు, ఆకలేమో ఆగదు. గోడకి కన్నం పెట్టారు, సమస్య తీరిపోయింది. ఒక స్థావరం కోసం పెట్టిన కిటికీ చెయిన్ మొత్తానికి అలవాటైపోయింది. ఇప్పుడు అమెరికాలో ఆ కంపెనీ అమ్మకాల్లో సుమారు 70 శాతం కిటికీ నుంచే.

దీనికి సమాంతరంగా ఇంకో లైన్ నడుస్తోంది, అదే జోనింగ్. అమెరికాలో ఊరు మొత్తానికి వర్తించే మొదటి జోనింగ్ చట్టం 1916లో న్యూయార్క్‌లో వచ్చింది. అసలు ఇలా చెప్పే హక్కు సిటీకి ఉందా, నా స్థలం నా ఇష్టం కదా అన్న గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ కేసు ఓహాయోలోని యూక్లిడ్ అనే ఊరిది. ఎక్కడో తెలుసా? క్లీవ్‌లాండ్ పక్కన. మన సంగీతం ఇష్టపడేవాళ్ళకి క్లీవ్‌లాండ్ అంటే ఏటా జరిగే త్యాగరాజ ఆరాధన గుర్తొస్తుంది, లాయర్లకి మాత్రం ఆ పక్క ఊరు గుర్తొస్తుంది. యాంబ్లర్ రియల్టీ అనే కంపెనీకి అక్కడ 68 ఎకరాలు ఉండేవి. ఫ్యాక్టరీలకి అమ్ముకుందామనుకుంటే, కొంత భాగం ఇళ్ళకే అని ఊరు గీత గీసింది. 1926లో కోర్టు ఊరి పక్షాన నిలిచింది. జడ్జి సదర్లాండ్ చెప్పిందాని సారం ఏంటంటే, మంచి వస్తువు కూడా తప్పు చోట ఉంటే పీడే, పంది దొడ్లో ఉంటే ఎవరికీ బాధ లేదు, హాల్లోకి వస్తేనే గొడవ. కార్ల దగ్గర తిండి అమ్మడం మొదలుపెట్టింది పిగ్ స్టాండ్, జడ్జి గారికి గుర్తొచ్చింది కూడా పందే. కాకతాళీయమే అనుకోండి, నాకు మాత్రం నవ్వొచ్చింది.

అయితే ఈ పందిని హాల్లోకి రానిచ్చింది కూడా ఆ జోనింగే. యుద్ధం తర్వాత ఊళ్ళు రాసుకున్న కోడ్‌లలో ఇళ్ళు ఒకచోట, షాపులు ఇంకోచోట. ప్రతి షాపుకీ ఇన్ని పార్కింగులు ఉండి తీరాలి. షాపు రోడ్డు నుంచి వెనక్కి జరగాలి. అలా రాస్తే నడిచి వెళ్ళడానికి ఏం మిగులుతుంది? కారులో వచ్చేవాడే కస్టమర్, వాడికి కిటికీయే సుఖం. మన భాషలో చెప్పాలంటే డిఫాల్ట్ సెట్టింగే కారు. యూజర్‌ని తిట్టి లాభం లేదు.

కిటికీతో అసలు తంటా క్యూ. ప్లానర్లు దీన్ని స్టాకింగ్ అంటారు. ఒక్కో కారుకి సుమారు 20 అడుగులు లెక్క వేస్తారు. ఎనిమిది కార్లు ఆగాలంటే 160 అడుగుల లేన్ కావాలి. చిన్న ప్లాట్‌లో అంత పొడవు ఉండదు కాబట్టి లేన్‌ని బిల్డింగ్ చుట్టూ చుడతారు. ఆ లేన్ ఫుట్‌పాత్‌ని రెండు చోట్ల కోస్తుంది, లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి. నడిచేవాడు ఆ రెండు చోట్లా ఆగి చూసుకోవాలి, ఎందుకంటే బయటికొచ్చే డ్రైవర్ చేతిలో కాఫీ ఉంటుంది, కళ్ళు రోడ్డు మీద గ్యాప్ కోసం వెతుకుతుంటాయి. తొమ్మిదో కారు వచ్చిందా, క్యూ ఓవర్‌ఫ్లో అయి రోడ్డు మీదకి, బస్సు దారిలోకి వస్తుంది. షాపు లాభం షాపుకే, పొంగిన క్యూ మాత్రం వీధికి.

దీనికి ఎదురు తిరిగిన ఊళ్ళలో ముందు చెప్పుకోవాల్సింది కాలిఫోర్నియాలో శాన్ లూయిస్ ఒబిస్పో. కాలేజీ ఉన్న చిన్న ఊరు. 1982లోనే డ్రైవ్-త్రూలని నిషేధించింది. ఇంజిన్ ఆన్ చేసి నిలబడే కార్ల పొగ ఒక కారణం, ఊరి రూపం ఇంకో కారణం. అక్కడ ఫాస్ట్‌ఫుడ్ లేదనుకోకండి, ఉంది, కారు దిగి వెళ్ళి తినాలి అంతే. మరి కిటికీ కావాలనుకున్నవాళ్ళ సంగతి? దక్షిణాన అరోయో గ్రాండే, ఉత్తరాన అటాస్కడెరో, రెండు ఊళ్ళలోనూ ఇన్-ఎన్-అవుట్ ఉంది. హైవే ఎక్కి వెళ్ళి తెచ్చుకుంటారు. నిషేధం వల్ల కోరిక పోదు, పక్క ఊరికి షిఫ్ట్ అవుతుంది. అయినా నలభై ఏళ్ళు దాటినా ఆ ఊరు ఆ రూల్‌ని పట్టుకునే ఉంది.

లాస్ ఏంజలెస్ కథ ఇంకో రకం. 2008లో అక్కడి కౌన్సిల్ సౌత్ లాస్ ఏంజలెస్‌లో కొత్తగా విడి బిల్డింగుల్లో ఫాస్ట్‌ఫుడ్ షాపులు కట్టకుండా ఆపింది. కౌన్సిల్ సభ్యురాలు జాన్ పెర్రీ దానికి ముందు నిలిచారు. కారణం ట్రాఫిక్ కాదు, ఆరోగ్యం. అక్కడ నల్లజాతివాళ్ళు, లాటినోలు ఎక్కువ, ఊబకాయం ఎక్కువ, మంచి కూరగాయల దుకాణాలు తక్కువ. ఉద్దేశం మంచిదే. 2015లో ర్యాండ్ సంస్థ పరిశోధకులు లెక్క తీస్తే ఊబకాయం తగ్గలేదు సరికదా, పెరిగింది. ఎందుకంటే ఆ రూల్ విడి బిల్డింగులకే, షాపుల వరసలో భాగంగా వస్తే పర్లేదు. పైగా ఆ ప్రాంతంలో కొత్తగా వచ్చినవి ఎక్కువగా చిన్న కిరాణా షాపులు. ఇదొక బగ్ ఫిక్స్ లాంటిది, తప్పు ఫైల్‌లో చేశారు. జోనింగ్‌తో క్యూని కదిలించొచ్చు, నడుముని తగ్గించడం కష్టం.

ఇప్పుడు నాకు ఇష్టమైన కేసు, మినియాపొలిస్. ఆ సిటీ 2018 డిసెంబర్‌లో 2040 ప్లాన్ అని ఒకటి పాస్ చేసింది. ఒకే కుటుంబానికి ఒకే ఇల్లు అన్న రూల్‌ని తీసేసిన ప్లాన్‌గా అది బాగా వార్తల్లోకి వచ్చింది. దానిలోనే, అంత గోల లేకుండా, కొత్త డ్రైవ్-త్రూలు వద్దు అని ఒక లైన్ ఉంది. 2019 ఆగస్టులో కౌన్సిల్ దాన్ని రూల్‌గా మార్చింది. రెస్టారెంట్లే కాదు, బ్యాంకులకీ, మందుల షాపులకీ కూడా. చాలా జోన్లలో అప్పటికే కుదరదు కాబట్టి ఇది ఒక్కసారిగా పడిన పిడుగేం కాదు.

కానీ ఉన్నవాటిని కూల్చలేదు. పాత హక్కు కింద నడుస్తాయి. మినెసోటా చట్టం ప్రకారం అలాంటి హక్కు ఏడాదికి మించి వాడకుండా వదిలేస్తే పోతుంది. ఇక్కడే నాకు గుచ్చుకుంటుంది. కొత్తవి రావు, పాతవి ఉంటాయి అంటే ఏమైనట్టు? పాత కిటికీ ఉన్న ప్లాట్ విలువ పెరిగినట్టే. పెద్ద చెయిన్లకి అప్పటికే కిటికీలు ఉన్నాయి. రేపు చిన్న టిఫిన్ సెంటర్ పెట్టుకునేవాడికి దారి లేదు. 1947లో రూట్ 66 మీద చిన్నవాళ్ళు మొదలుపెట్టిన పని ఇప్పుడు పెద్దవాళ్ళ గుత్త హక్కు అయిపోయింది. నేను ఈ నిషేధానికి మద్దతే ఇస్తాను, ముఖ్యంగా బస్సులూ ఫుట్‌పాత్‌లూ ఉన్న వీధుల్లో. కానీ ఈ ముడి ఉందని చెప్పకుండా దాటేస్తే అబద్ధం ఆడినట్టే.

ఇంకా ఏడాది కూడా కాలేదు, కోవిడ్ వచ్చింది. 2020 మార్చి 17 నుంచి మినెసోటాలో హోటళ్ళ లోపల కూర్చుని తినడం బంద్. కిటికీ ఉన్నవాడు బతికాడు. అప్పుడు చాలామంది అడిగారు, ఇప్పుడేమంటారు అని. న్యాయమైన ప్రశ్నే. వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్ళు, వెనక సీట్లో నిద్రపోతున్న ఇద్దరు పిల్లలున్న అమ్మ, వీళ్ళకి ఆ కిటికీ సోమరితనం కాదు, అవసరం. మా పిన్ని డాలస్‌లో ఉంటుంది, మోకాళ్ళ నొప్పులు. ఈ స్క్రిప్ట్ చదివి వినిపిస్తే, నువ్వు కుర్రాడివిరా, నీకేం తెలుసు అంది. జవాబు చెప్పలేకపోయాను.

అవతలి వైపు కూడా చూడండి. 2016లో చూపు లేని ఒక వ్యక్తి మెక్‌డొనాల్డ్స్ మీద ఫెడరల్ కోర్టులో దావా వేశారు. రాత్రిపూట డ్రైవ్-త్రూ ఒక్కటే తెరిచి, నడిచి వచ్చేవాళ్ళకి ఇవ్వం అంటే, కారు నడపలేని నేనెలా కొనుక్కోవాలి అని. ఒకే కిటికీ, ఒక వికలాంగుడికి తలుపు, ఇంకొకరికి గోడ. ఆ రాత్రి ఆకలితో తిరిగొచ్చిన నాకు కనీసం మర్నాడు పొద్దున లోపలికి వెళ్ళే వీలుంది, ఆయనకి రాత్రి షిఫ్ట్ అయితే?

దీనికి నాకు తెలిసినంతలో బాగా ఆలోచించిన జవాబు ఓరెగాన్‌లోని పోర్ట్‌లాండ్‌ది. అక్కడ 2009లో సైకిల్ మీద పిల్లలతో వచ్చిన ఒక తల్లికి బర్గర్‌విల్ అనే లోకల్ చెయిన్ డ్రైవ్-త్రూలో ఇవ్వనన్నారు. గొడవైంది, కంపెనీ దిగొచ్చి సైకిళ్ళని రానిచ్చింది. తర్వాత సిటీ జోనింగ్ కోడ్‌లోనే రాసుకుంది, డ్రైవ్-త్రూ తెరిచి ఉన్నంతసేపు కారు లేకుండా వచ్చినవాళ్ళకి కూడా అమ్మాలి అని. కిటికీ ఉంచాలా తీసెయ్యాలా అన్న గొడవ పక్కన పెట్టి, కిటికీ ఎవరిది అని అడిగారు. లూప్ సెన్సార్ ఎవరిని గుర్తించాలన్నది ఇంజనీర్ పని అనుకుంటాం కదా, అక్కడ కౌన్సిల్ ఓటు వేసి తేల్చింది.

ఇవాళ్టికి ఇంతే అండీ. మినియాపొలిస్‌లో, పోర్ట్‌లాండ్‌లో ఉన్న మనవాళ్ళు ఎవరైనా చూస్తుంటే, రాత్రి పదకొండుకి ఒకసారి నడిచి వెళ్ళి చూసి, ఏం జరిగిందో కింద రాయండి. జాకెట్ వేసుకుని వెళ్ళండి. వచ్చే వారం పార్కింగ్ లెక్కలు ఎక్కడ పుట్టాయో చూద్దాం. ఉంటాను, నమస్తే.