పందెపుకారులో బ్యాటరీకి పగ్గములు

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటె 1859లో సీసపు రేకులను సజల గంధకికామ్లములో ముంచి, మరల మరల విద్యుత్తు నింపుకొనగల ఘటమును తయారుచేసెను. అది ప్రయోగశాల బల్లమీది వస్తువు. దానిని కట్టివేయవలసిన అవసరము ఎవరికిని తోచి యుండదు.

1899 ఏప్రిల్ 29వ తేదీన పారిస్ సమీపమున అషేర్ వద్ద కామిల్ జెనాట్జీ అను బెల్జియను, బ్యాటరీలతో నడచు కారును గంటకు 105.88 కిలోమీటర్ల వేగముతో నడిపెను. అయితే అది తిన్నని బాట. 1912 కాడిలాక్ కారులో కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు వచ్చిన పిమ్మట, బరువైన బ్యాటరీ క్రమముగా పెట్రోలు కార్లన్నింటికిని తప్పనిసరి ఆయెను. చిక్కు వంపులలో ఉన్నది.

విద్యార్థులు ఈ చిన్న లెక్క చేసి చూడవచ్చును. సెకనుకు 25 మీటర్ల వేగముతో, 64 మీటర్ల వ్యాసార్ధముగల వంపు తిరుగు కారు త్వరణము దాదాపు గురుత్వ త్వరణమంత. అనగా 15 కిలోల బ్యాటరీని వంపులో నిలుపుటకు పట్టీలు దాని బరువంత బలముతో ప్రక్కకు లాగవలెను. అదే కారు గోడను ఢీకొని ఒక్క మీటరు దూరములో ఆగినచో? కావలసిన బలము సుమారు 4,700 న్యూటన్లు, అనగా 480 కిలోల బరువు! ఇక రబ్బరు పట్టీ ఏపాటిది?

ఊడిన బ్యాటరీ ధ్రువము కారు లోహమును తాకెనా, వందల ఆంపియర్లు ప్రవహించి నిప్పురవ్వలు లేచును. చేరువలో పెట్రోలు. ఘటమునుండి వెలువడు ఉదజని గాలిలో నూటికి 4 వంతులున్న చాలును, అంటుకొనును. ఆమ్లము సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

కావుననే బ్యాటరీని మొదటి చోటినుండి మార్చినచో, అంతర్జాతీయ మోటారు సమాఖ్య నియమములు లోహపు పీఠమును, విద్యుద్బంధకపు తొడుగుగల రెండు లోహపు పట్టీలను కోరును. బోల్టులు కనీసము 10 మిల్లీమీటర్ల వ్యాసము కలవై యుండవలెను. ప్రతి బోల్టు క్రింద 3 మిల్లీమీటర్ల మందము, 20 చదరపు సెంటీమీటర్ల వైశాల్యముగల పలక ఉండవలెను. పలచని రేకును బోల్టు చీల్చుకొని రాకుండ ఈ పలక బలమును పంచును. నాకీ నియమావళిలో మిక్కిలి తెలివైనదిగా తోచునది ఈ పలకయే.

1970 దశకములో ఆమ్లమును గాజునూలు చాపలో ఇమిడ్చిన బ్యాటరీలు వచ్చెను. ఆమ్లము ఒలకదు గనుక గట్టిగా బిగించనక్కరలేదని కొందరు తలంతురు. బరువు ఎక్కడికి పోయినది?

పందెపు కార్ల వెలుపల నీలి త్రికోణములో ఎర్రని మెరుపుగుర్తు కనబడును. అచటి మీటను త్రిప్పినచో బ్యాటరీ వలయము తెగుటయేగాక ఇంజనుకూడ ఆగవలెను. ఇంజను తిరుగుచున్నంతవరకు ఆల్టర్నేటరు విద్యుత్తును పుట్టించుచునే యుండును గదా.