శ్రీహరికోట నుంచి గుండె ధమని దాకా

1979 ఆగస్టు 10న శ్రీహరికోటలో లేచిన ఎస్‌ఎల్‌వి-3 రాకెట్ బంగాళాఖాతంలో కూలింది. మరుసటి ఏడాది జులై 18న లేచినది రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. అప్పటికి శ్రీహరికోట నెల్లూరు జిల్లాలోదే. ఆ ప్రాజెక్టును నడిపిన అబ్దుల్ కలాం పేరు ఇరవై ఏళ్లు తిరక్కుండానే గుండె ధమనిలో పెట్టే స్టెంటుకెక్కింది.

అంతకు ముందరి ధమనుల చరిత్ర చాలావరకు తప్పుల చరిత్రే. శవాల్లో ధమనులు ఖాళీగా కనబడేసరికి ప్రాచీన గ్రీకుల్లో కొందరు వాటిలో తిరిగేది గాలి అనుకున్నారు. రెండో శతాబ్దిలో వైద్యుడు గేలెన్ కాదు రక్తమేనన్నాడు గాని, అది కాలేయంలో పుట్టి ఒంట్లోనే ఇంకిపోతుందని నమ్మాడు. నాభి నుంచి 24 ధమనులు బయల్దేరతాయని సుశ్రుత సంహిత లెక్క. లోపలి దారి తెలియకున్నా మన వైద్యులు మణికట్టు దగ్గర నాడి పట్టి రోగం పోల్చడం నేర్చారు. గుండె నుంచి వెళ్లిన రక్తం మళ్లీ గుండెకే చేరుతుందని 1628లో విలియం హార్వే నిరూపించాడు. ధమనికీ సిరకీ నడుమ లంకె అయిన కేశనాళికలను 1661లో మాల్పీజీ మైక్రోస్కోపులో చూశాడు.

నేటి పటంలో ఎడమ జఠరిక నుంచి పైకి లేచే బృహద్ధమని వంపు తిరుగుతుంది. ఆ వంపు నుంచే తలకు కెరోటిడ్‌లు, చేతులకు సబ్‌క్లేవియన్‌లు. సబ్‌క్లేవియన్‌ల కొమ్మలైన వెర్టిబ్రల్‌లు మెడ ఎముకల గుండా పోయి మెదడు వెనక భాగానికి రక్తమిస్తాయి. కిందికి దిగాక జీర్ణాశయానికీ కాలేయానికీ ప్లీహానికీ సీలియాక్, పేగులకు మెసెంటరిక్‌లు, మూత్రపిండాలకు చెరొకటి. నడుము దగ్గర రెండుగా చీలి పాదాల దాకా సాగుతుంది. గుండె తన వాటాను అందరికంటే ముందే తీసుకుంటుంది. బృహద్ధమని మొదట్లోనే పుట్టే రెండు కరోనరీలు దానివే. లావు సైకిలు వాల్వ్ ట్యూబంత, సుమారు 3 మిల్లీమీటర్లు. ఎడమ కరోనరీ నుంచి ముందువైపు దిగే కొమ్మ ఎడమ జఠరిక ముందు గోడను పోషిస్తుంది. అది మొదట్లోనే పూడితే గుండె కండరంలో పెద్ద భాగానికి రక్తం అందదు.

పూడిక తియ్యడం మాత్రం మొన్నమొన్నటి విద్య. నెల్లూరోళ్లకు అప్పట్లో అదంతా మద్రాసు రైలెక్కితేనే. దేశంలో తొలి కరోనరీ బైపాస్‌ను 1975లో కె.ఎం. చెరియన్ మద్రాసులోని పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో చేశారు. 1977లో జూరిక్‌లో గ్రూన్‌జిగ్ అనే వైద్యుడు బెలూనుతో ధమనిని వెడల్పు చేసి చూపించాడు. ఆ పద్ధతిని 1986లో మాథ్యూ శామ్యూల్ కలరికల్ మద్రాసుకు తెచ్చారు. బెలూను తీశాక కొందరికి ధమని మళ్లీ ముడుచుకునేది. అలా ముడుచుకోకుండా లోపల నిలిపే లోహపు జాలీయే స్టెంటు. మొదట్లో అది ఖరీదైన దిగుమతి సరుకు. హైదరాబాద్‌లో గుండె వైద్యుడు సోమరాజు, కలాం కలిసి 1998లో చవక స్టెంటు తెచ్చారు. అదే కలాం-రాజు స్టెంటు.

నన్నడిగితే, సామాన్యుడికి అసలు మేలు చేసినవి 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పథకం, 2017 ఫిబ్రవరిలో కేంద్రం పెట్టిన ధర కట్టడి. అంతకు ముందు సగటున లక్షా ఇరవై వేలు పలికిన మందు పూత స్టెంటుకు రూ. 29,600 గరిష్ఠ ధర కట్టారు. కనిపెట్టినవాళ్లను తక్కువ చెయ్యడం కాదు, అందని వైద్యం ఉన్నా లేనట్టే కదా!

ఇప్పుడు ధమనుల్లో పూడికను చూసే యాంజియోగ్రాం నెల్లూరులోనే అవుతోంది, అదీ చాలాసార్లు తొడ నుంచి కాక మణికట్టు నుంచి. పూర్వపు వైద్యుడు మూడు వేళ్లు ఆనించిన రేడియల్ ధమనిలోంచే తీగలాంటి గొట్టాన్ని గుండె దాకా పంపుతారు. 1989లో మాంట్రియల్‌లో కాంపో అనే వైద్యుడు ఈ దారి చూపాడు.

మిగిలిన చిక్కల్లా ఆలస్యమే. ఛాతీ బిగబట్టి, చెయ్యి లాగి, చెమటలు పడుతుంటే గ్యాసని సోడా తాగి పడుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రక్తం అందని కండరం గంటల్లో చచ్చిపోతుంది, మళ్లీ పుట్టదు. మైపాడులో ఉన్నా, ఇస్కపల్లిలో ఉన్నా ముందు 108కి ఫోన్ చెయ్యండి.